వేయని బాణం

"ఈ సాయంత్రానికి నన్ను వెలేస్తున్నారండీ!"

గుమ్మంలో అడుగు పెడుతూనే ఆవిడ అన్న మాట అది. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కినట్టుంది, రొప్పుతోంది. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. తీసి పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేకుండా వచ్చేసింది.

నీడ కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చుంది గాని అతని వైపు చూడలేదు. ఎవరూ చూడరు. ఈ డిటెక్టివ్ ఆఫీసుకొచ్చే వాళ్ల చూపులన్నీ అతని భుజం మీదుగా వెళ్లి, కిటికీ పక్కన కాళ్లు చాపుకుని నారింజపండు వలుస్తున్న మనిషి మీద వాలతాయి. ఆ మనిషిని ఊరంతా భూతద్దం అంటుంది. ఆయన భూతద్దం చేతపట్టగా నీడ ఏనాడూ చూడలేదు. వెతికేది, మోసేది, సందుల్లో కాపు కాసేది, వానలో తడిసేది నీడ. పేరు మాత్రం ఆయనది. వెనకాల తిరిగేవాడు కాబట్టి జనం ఇతనికి నీడ అని పేరు తగిలించారు. పెట్టినవాడు దొరికితే ఒకటి ఇచ్చుకుందామని చాలాకాలంగా ఉంది. కాకపోతే ఆ పేరు తనకి కొలిచి కుట్టినట్టుందని అతనికీ తెలుసు.

"అయ్యగారు పండు తినడం అయ్యేదాకా పలకరండి. మీరేం కంగారుపడకండి, రావలసిన చోటికే వచ్చారు," అంటూ నీడ మొదలుపెట్టాడు. లోలోపల ఎంత ఉడుక్కున్నా ఆయన్ని పొగడ్డంలో మాత్రం లోటు చేయడు. తిన్న ఉప్పు అలాంటిది. గోదాము దొంగని చెప్పుల చప్పుడు బట్టి పట్టుకున్న వైనం, కవల అక్కచెల్లెళ్లలో అబద్ధాలకోరు ఎవరో ఒక్క తుమ్ముతో తేల్చిన వైనం, చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు.

"అద్దాల కొట్టు కేసు తేల్చింది కూడా ఈయనేనటగా?" అందావిడ.

"ఆఁ, అదీ ఉందిలెండి. మంచినీళ్లు తాగుతారా?"

కిటికీ దగ్గర నారింజ వలుస్తున్న చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"ఎవరు వెలేస్తున్నారమ్మా?" అన్నాడు భూతద్దం, చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ దర్జీ. ఇంటి ముందు గదిలోనే కొట్టు. పాత కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాళ్లు ఇంటర్నెట్‌లో ఒక రచ్చబండ పెట్టుకున్నారు. దాని పేరు సూదిబెజ్జం. అక్కడ ఆవిడ పేరు బొత్తాం. ఒకరు తమ మిషను జబ్బు చెప్పుకుంటారు, తెలిసినవాళ్లు మందు చెబుతారు. ప్రతి జవాబు పక్కనా రెండు బాణాలుంటాయి. నచ్చితే పై బాణం, నచ్చకపోతే కింది బాణం. పై బాణాలు ఎక్కువ పడ్డ జవాబు పేజీ నెత్తికెక్కుతుంది. కింది బాణాలు ఎక్కువైతే మడత పడిపోతుంది. మడత పడ్డదాన్ని వేలితో విప్పితే తప్ప చదవలేరు.

"కింది బాణం ఊరికే వేయనివ్వరండి. పేరు పెట్టాలి, కారణం రాయాలి. అది మా రచ్చబండ కట్టుబాటు. పై బాణానికి ఏదీ అక్కర్లేదు. ఎవరు వేశారో కాపరికి తప్ప తెలీదు."

"కాపరి ఎవరు?"

"రచ్చబండ నడిపే ఆయన. మొన్న ఆయన చూసుకుంటే, ముక్కూ మొహం లేని కొత్త పేర్లు ఒక గుంపు తేలాయట. ఒక్క ప్రశ్న అడిగింది లేదు, ఒక్క జవాబు రాసింది లేదు. పుట్టిన దగ్గర్నుంచి వాటి పని ఒకటే, నా జవాబులకి పై బాణం వేయడం! అన్నీ మా ఇంటి ఇంటర్నెట్‌లోంచే వచ్చాయట. దొంగపేర్లతో తనకి తానే వేసుకుంటే మా దగ్గర క్షమించరండి. సాయంత్రం తీర్పు చెప్పడానికి ఊళ్లో ఉన్నవాళ్లంతా మా కొట్లోనే కూర్చుంటున్నారు."

"వెలేస్తే వెలేశారు," అన్నాడు నీడ. "ఈ రచ్చబండ కాకపోతే ఇంకోటి."

ఆవిడ మొదటిసారి అతని వైపు చూసింది. చూడకపోయినా బాగుండేదనిపించింది నీడకి.

"అన్నా, నాకు చదువు లేదు. చేతికి వచ్చిందంతా అక్కడ రాసి పెట్టుకున్నాను. వెలేస్తే నా జవాబులన్నీ తుడిచేస్తారు. ఒక్కటి మిగలదు. పైగా దొంగ అన్న పేరు. రేపటి నుంచి నా దగ్గర గుడ్డ ఇచ్చి కుట్టమనేది ఎవరు?"

భూతద్దం లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "పద నీడా."

*

కొట్టు చిన్నదే గాని దేని చోటు దానికుంది. కిటికీ కింద రెండు కాలిమిషన్లు, గోడకి దారపు ఉండలు రంగు వరసలో, మూల తెరచాటున ఒక నిలువుటద్దం. అద్దం మీద అట్టముక్క. దాని మీద ఇంటర్నెట్ రహస్యపదం పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"ఇదేంటమ్మా, తాళంచెవి గుమ్మానికి వేలాడదీశారు?" అన్నాడు భూతద్దం.

"బట్టలకోసం వచ్చినవాళ్లు కాసేపు కూర్చోవాలి కదండీ, తోచదని..."

ఆవిడ భర్త లోపల్నుంచి వచ్చాడు. సామాన్ల లారీ నడుపుతాడు. మొహం గంటుపెట్టుకుని ఉన్నాడు.

"మీరేమైనా వేశారా బాణాలు?" అనడిగాడు భూతద్దం.

"నేనా? ఆ దిక్కుమాలిన బాణాలంటేనే నాకు ఒళ్లుమంట. కంచం ముందు కూర్చుని కూడా ఎన్ని పడ్డాయో చూసుకుంటుంది. నేను కొత్త చొక్కా తొడుక్కుని ఎదురుగా నిలబడితే ఒక్క బాణం పడదు!"

"ఊరుకోండి, పరాయివాళ్ల ముందు," అంది బొత్తాం.

"ఆమె రాసినవి ఎప్పుడైనా చదివారా?"

"చదివి ఏం చేసుకోను? నాకు బాబిన్‌కీ బొంగరానికీ తేడా తెలీదు."

పక్క కొట్టు ఆవిడని పిలిపించారు. రచ్చబండలో ఆమె పేరు కత్తెర. రెండు కొట్లకీ నడుమ ఒక్కటే గోడ. ఈ ఇంటి ఇంటర్నెట్ ఆ గోడ అవతలికీ అందుతుంది.

"నన్నెందుకు పిలిచారో తెలుసులెండి," అంది కత్తెర, కూర్చోకుండానే. "కింది బాణాలు వేశాను. పేరు పెట్టే వేశాను, కారణం రాసే వేశాను. నా దెబ్బ మొహమ్మీదే ఉంటుంది, వీపు మీద ఉండదు."

"ఈవిడంటే మీకు పడదా?"

"పక్కపక్కన కొట్లున్నవాళ్లకి పడటమేంటండీ, వింత కాకపోతే! నేను ముందురోజు చెప్పిన మాటే వదినగారు మర్నాడు తియ్యగా చెబుతుంది. నా మాట మీద ఈగ వాలదు, ఆవిడకి బాణాల వాన. మిషను బెల్టు విషయంలో నలుగురిలో నన్ను తప్పుపట్టింది. ఆ జవాబుకి జనం ఎగబడి వేశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఇక్కడ మండుతుంది," అంటూ గుండె మీద చరుచుకుంది.

నీడకి ఆమె మీద ఉన్నట్టుండి అభిమానం పుట్టింది. మంటని దాచుకోకుండా అలా చరుచుకు చూపించగలగడం అందరికీ చేతనయ్యే పని కాదు.

కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చూపు మందగించి సొంత దర్జీ కొట్టు మూసేశాక రోజూ మధ్యాహ్నాలు ఇక్కడే కాలక్షేపం. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. బొత్తాం మాత్రం బాబాయ్ అంటుంది. పని నేర్పింది ఆయనే.

"నా బిడ్డ లాంటిదండీ," అన్నాడు మేస్త్రి మెత్తగా. "సూదిలో దారం ఎక్కించడం కూడా రానప్పుడు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఇప్పుడు దీని మాట కోసం ఎక్కడెక్కడివాళ్లో ఎదురుచూస్తున్నారు. నాకు అంతకంటే ఏం కావాలి? ఇది ఏది రాసినా మొదటి బాణం నాదే. కావలిస్తే కాపరిని అడగండి."

"అంటే అన్నీ చదువుతారన్నమాట."

"ఒక్కటి వదలను. షటిల్ తుప్పు గురించి రాసింది ఉందే, ముత్యం! బెల్టు గురించి రాసింది, సూది నంబర్ల గురించి రాసింది... తోలు కుట్టేటప్పుడు మిషను పాదం కింద కాగితం పెట్టమంది చూశారూ, అది నాక్కూడా తట్టలేదు సుమండీ." చెబుతూ చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఇంతలో కాపరి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. బట్టతల, అలసిన మొహం. ఎవరికీ శత్రువు కాని మనిషి అందరి గొడవా నెత్తిన వేసుకుంటే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"నాదే తప్పండి," అన్నాడు. "మొదట్లో బాణాలు లేవు. తలా ఒక మాట చెప్పేవాళ్లు. మంచీ చెడూ కలిసిపోతున్నాయని నేనే పెట్టాను. ఇప్పుడు జవాబు చదివేముందు అంకె చూస్తున్నారు. మొదటి బాణం పైకి పడితే మిగతావీ పైకే, కిందికి పడితే మిగతావీ కిందికే. గొర్రెలమంద కూడా ఇంతకంటే నయం, అడ్డం వస్తే ఆగుతుంది. పాతవాళ్లు చాలామంది రాయడమే మానేశారు. ఎగతాళి చేసేవాడికి పడినన్ని బాణాలు మర్యాదగా చెప్పేవాడికి పడవు."

దొంగపేర్ల బాణాలు పడ్డ ప్రతి జవాబు పక్కనా ఆయన ఎర్ర చుక్క పెట్టి ఉంచాడు. నీడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బొత్తాం జవాబులన్నీ తిరగేశాడు. కింది నుంచి పైదాకా చుక్కలే, బెల్టు జవాబుతో సహా. ఒక్క జవాబు మాత్రం శుభ్రంగా ఉంది. అన్నిటికంటే ఎక్కువమంది నిజంగా మెచ్చుకున్నది అదే, నెత్తి మీదున్నది. కుడుతుంటే దారం చిట్లిపోతోందని ఎవరో అడిగితే రాసింది. "నూనె వేసి బిగువు తగ్గిస్తే కాసేపే పనిచేస్తుంది. సూది దిగే పలక రంధ్రాన్ని గోటితో తడిమి చూడండి. అంచు గరుకుగా ఉంటే అదే దారాన్ని కొరుకుతోంది. సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్దండి."

"దీనికి చుక్క లేదేంటండీ?" అన్నాడు నీడ.

"అప్పటికే నెత్తికెక్కి కూర్చుంది కదా, దొంగబాణాలు దండగనుకున్నారేమో," అన్నాడు కాపరి.

సబబుగానే ఉందనిపించింది. అదే ప్రశ్నకి ఇంకెవరో రాసిన జవాబు ఒకటి కింద మడత పడి ఉంది. నీడ దాన్ని విప్పలేదు. మడత పడ్డదాన్ని ఎవడు చదువుతాడు?

భూతద్దం అతని భుజం మీదుగా వంగి, వేలితో ఆ మడత విప్పాడు. చదివాడు. దాని కింద జనం రాసిన కారణాలు కూడా చదివాడు. ఆ తర్వాత చాలాసేపు ల్యాప్‌టాప్‌ని వదిలి నీడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"నా మొహమ్మీద ఏమైనా రాసి ఉందా అండీ?" అన్నాడు నీడ విసుగ్గా.

"ఉంది," అన్నాడు భూతద్దం.

*

సాయంత్రం అందరూ ఆ గదిలోనే సర్దుకుని కూర్చున్నారు. భర్త గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బొత్తాం మిషను చక్రం మీద చేయి వేసుకుని ఉంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. నీడ గోడ పక్కన నిలబడి లోలోపల పళ్లు నూరుకుంటున్నాడు. ఈ పెద్దమనిషికి మళ్లీ ఏదో తెలిసింది. అదే ల్యాప్‌టాప్ ముందు అంతసేపు కూర్చున్నది తను. తెలిసింది మాత్రం ఆయనకి!

"ఒకరి మీద కడుపుమంట ఉన్నవాడు ఏం చేస్తాడు?" అని మొదలుపెట్టాడు భూతద్దం. "కింది బాణం వేస్తాడు. కానీ మీ కట్టుబాటు ప్రకారం దానికి పేరు చెప్పాలి. పై బాణానికి చెప్పక్కర్లేదు. తిట్టేవాణ్ణి ఎందుకు తిట్టావని అడుగుతారు గాని, పొగిడేవాణ్ణి ఎందుకు పొగిడావని ఎవరడుగుతారు? అందుకే ఈ మనిషి పొగడ్తలోనే విషం కలిపాడు. దొంగబాణాలు కుప్పపోశాడు, అవి బయటపడేదాకా ఆగాడు. ఈమె మంచి కోరేవాడెవడూ చేసే పని కాదు. ఈమె తనకి తాను వేసుకున్నవీ కావు. కట్టుబాటు తెలిసిన మనిషి సొంత ఇంటర్నెట్‌లోంచి గుంపుగా వేసుకోదు."

"మరి ఎవరు?" అంది కత్తెర. "నా వైపు చూడకండి!"

"చూడను. బెల్టు జవాబు మిమ్మల్ని ఇప్పటికీ మండిస్తోంది. దాని మీద కూడా దొంగబాణాలున్నాయి. నాశనం చేయడానికైనా సరే, మీరు ఆ జవాబుకి పై బాణం వేయగలరా?"

కత్తెర నిజంగానే ఆలోచించింది. "చేయి పడిపోయినా వేయను," అంది.

"అదీ సంగతి. ఈ మొత్తంలో ఎర్ర చుక్క లేని జవాబు ఒక్కటే ఉంది. పేజీ తెరవగానే కంటికి కనబడేది అదే. గుడ్డివాడు కూడా దాంతోనే మొదలుపెడతాడు. ఈ ఇంటాయనకి ఏ జవాబు ఏదో తెలీదు. ఆయనే వేసి ఉంటే వరసపెట్టి అన్నిటికీ వేసేవాడు. మన మనిషి దాన్ని మరిచిపోలేదు. దాటుకుంటూ పోయాడు. ఎందుకు?"

భూతద్దం ల్యాప్‌టాప్‌ని అందరి వైపుకీ తిప్పాడు.

"సరే, చిన్న పరీక్ష. ఆ జవాబు ఇప్పుడు మళ్లీ చదవండి. ఇదివరకు వేయనివాళ్లు, బాగుందనిపిస్తే పై బాణం వేయండి."

కత్తెర ఫోను తీసి, మూతి ముడుచుకుని చదివింది. "ఛీ, బాగానే ఉంది," అని నొక్కింది.

"నాకు అందులో పేరు లేదు గాని, ఉంటే వేసేవాణ్ణే," అన్నాడు భర్త నేల చూపులు చూస్తూ. బొత్తాం గిరుక్కున తల తిప్పి అతని వైపు చూసింది.

"మీరో మేస్త్రీ గారూ?"

"నేనెప్పుడో వేశాను. మొదటి బాణం నాదే అన్నాను కదా."

కాపరి ల్యాప్‌టాప్‌లో వెతికాడు. మెల్లగా తలెత్తాడు. "లేదండీ. ఈవిడ జవాబులన్నిటికీ మీ బాణం ఉంది. దీనికొక్కదానికే లేదు."

"మరిచిపోయుంటాను."

"పోనిద్దురూ, ఇప్పుడు వేయండి," అన్నాడు భూతద్దం.

మేస్త్రి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు తెర మీదకి వెళ్లింది. ఆగింది. గదిలో అందరూ ఆ వేలినే చూస్తున్నారు. ఎన్నో ఏళ్లు గుడ్డని సూది కిందికి తిన్నగా నడిపిన వేలు అది. ఇప్పుడు వెంట్రుకవాసి దూరాన్ని దాటలేకపోతోంది.

"కింద మడత పడ్డ జవాబు మీదే కదండీ?" అన్నాడు భూతద్దం, ఈసారి మెత్తగా. "నూనె వేసి బిగువు తగ్గించమన్నది. దాన్ని ఎవరూ విప్పరు. నేను విప్పాను. కింద జనం రాసిన కారణాలూ చదివాను. తాతగారి వైద్యం అన్నాడొకడు. కళ్లజోడు మార్చుకోమన్నాడు ఇంకొకడు. పేరు పెట్టి మరీ నవ్వారు. ఇక ఆ ఫోను కాపరి చేతికిస్తే, దొంగపేర్లన్నీ అందులోనే ఉంటాయి. ఇవ్వకపోయినా పర్వాలేదు. వేలు చెప్పేసింది."

మేస్త్రి ఫోను మిషను బల్ల మీద పెట్టేశాడు.

"నేను నేర్పిన పిల్ల," అన్నాడు చివరికి. గొంతులో మెత్తదనం పోయింది. "నా కత్తెరతో కత్తిరించడం నేర్చుకుంది. అందరూ దీన్ని అడుగుతారు. నేను పక్కనే కూర్చుని ఉంటే నా మీదుగా చూస్తూ దీన్ని అడుగుతారు! పోనీలే అనుకున్నాను. బాణాలు వేశాను, చప్పట్లు కొట్టాను. అది ఒక్కటి మాత్రం... నా మాట తప్పని ఊరంతటికీ చెప్పింది. నన్ను మడతపెట్టించింది."

"బాబాయ్," అంది బొత్తాం. "రాసేముందు మీకు చదివి వినిపించాను కదా. ఇక్కడే, ఈ పీట మీదే కూర్చున్నారు. బాగుంది, రాయమ్మా అన్నారు కదా!"

"అన్నాను," అన్నాడు మేస్త్రి. "నలుగురిలో కాదనలేక అన్నాను. నువ్వు నిజమనుకున్నావు."

కాపరి నిట్టూర్చి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. "వెలివేత మీకే పడాలి మేస్త్రీ గారూ. కట్టుబాటు అదే. మీ జవాబులన్నీ..."

"తుడవొద్దు, అన్నా," అంది బొత్తాం.

"అక్కా, ఇంత చేశాక కూడానా?"

"పేరు మూసేయండి. ఆయన ఇక నా పీట మీద కూడా కూర్చోవద్దు. జవాబులు మాత్రం ఉంచండి. వాటితోనే నేను పని నేర్చుకున్నాను. ఆ ఒక్కటి తప్ప అన్నీ సరైనవే."

కాపరి ఏదో నొక్కాడు. అంతే, మేస్త్రి పేరు మూతపడింది. అందరూ లేచారు. భర్త వెళ్లి నిలువుటద్దం మీది అట్టముక్క పీకేసి, బొత్తాం పక్కన నిలబడ్డాడు. ఏమనాలో తెలీక ఆమె మెడలోని టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

గుమ్మం దాటుతూ నీడ వెనక్కి తిరిగి చూశాడు. మేస్త్రి ముక్కాలిపీట మీంచి లేవలేదు. ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి బొటనవేలు ఆగలేదు, ఆ జవాబు పక్కనున్న పై బాణం మీద పడింది. అంకె కదల్లేదు. మళ్లీ నొక్కాడు. మూతపడ్డ పేరు వేసే బాణం ఎక్కడికి పోతుంది? అంకె అలాగే ఉంది. ఆయన నొక్కుతూనే ఉన్నాడు.

*

ఇద్దరూ సందులోకి వచ్చారు.

"నా మొహమ్మీద ఏదో రాసి ఉందన్నారు," అన్నాడు నీడ, ఇక ఉండబట్టలేక.

"పొద్దున ఆవిడకి నా కేసులన్నీ ఏకరువు పెట్టావు. అద్దాల కొట్టు మాట వచ్చేసరికి మంచినీళ్లు ఇస్తానన్నావు. ఎప్పుడూ అంతే. ఎవరికీ ఆ కథ చెప్పవు. చుక్క లేని ఆ జవాబు చూడగానే నువ్వు గుర్తొచ్చావు."

నీడ చెవులు వేడెక్కాయి. "అంటే నేనూ ఆ మేస్త్రీ ఒకటేనంటారు."

"కాదు. మేస్త్రి లాంటివాణ్ణి నేను." భూతద్దం నడుస్తూనే అన్నాడు, అతని వైపు చూడకుండా. "అద్దాల కొట్టులో తలుపు వెనక తడి గొడుగు ముందు చూసింది నువ్వు. నువ్వు నోరు తెరిచేలోపు నేను చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. చూసింది ఇతను అని ఒక్క మాట అంటే సరిపోయేది. గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మేస్త్రి వేలు ఎందుకు ఆగుతుందో నాకెలా తెలిసిందనుకున్నావు?"

ఈ మాట కోసం నీడ ఎన్నేళ్లు ఎదురుచూశాడో అతనికే తెలుసు. తీరా వచ్చేసరికి సంతోషం రాలేదు. లోపల పాత మంట ఇంకోవైపుకి తిరిగి పడుకున్నట్టయింది.

"ఇక్కడ చెప్పి ఏం లాభమండీ?" అన్నాడు. "సందులో మనిద్దరమే ఉన్నాం. మలుపులో టీ కొట్టు దగ్గర జనం ఉన్నారు."

భూతద్దం ఆగాడు. మలుపు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"పద," అన్నాడు. నీడ ఈసారి వెనక నడవలేదు.